నాలుగో బల్ల లెక్క

ఆఫీసు, మూడో అంతస్తు
జూన్ 9

వదినా,

ఆపరేషన్ అయి నెల దాటింది, గొంతు ఎలా ఉంది? ఇంకో మూడు నెలలు మాట్లాడొద్దన్నారని అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. చెబుతూ ఎంత సంతోషపడ్డాడో మాత్రం నీకు చెప్పను. ఫోనేమో ఎత్తలేవు, ఆ బుల్లి తెర మీద బొటనవేళ్ళతో పొడవడం నీ వల్ల కాదంటావు. ఇక కాగితమే గతి. ఒకందుకు మంచిదే. ఈ మధ్య నా మాటలు నాకే నచ్చడం లేదు. రాస్తే కొట్టేయడానికైనా వీలుంటుంది.

సంగతేమిటంటే, ముసలమ్మని ఇంటికి పంపించేస్తున్నారు. మెట్ల కింద గదిలో పద్దెనిమిదేళ్ళుగా రొప్పుతూ కూర్చున్న నీ సర్వర్‌ని. పెద్దాయన కుర్చీలోకి చిన్నసారు వచ్చాడు కదా, పోయిన నెల నన్ను పిలిచి, "రోజుకి రెండువందల కళ్ళద్దాలు చేసే కంపెనీ లెక్కలన్నీ మెట్ల కింద పెట్టెలో ఉన్నాయంటే నలుగురూ నవ్వుతారు మేడమ్. మంచి క్లౌడ్ డేటా వేర్‌హౌస్ ఒకటి చూడండి. ఆగస్టుకల్లా తేలాలి" అన్నాడు. గిడ్డంగి అద్దెకి తీసుకోవడమన్నమాట. మన లెక్కలు ఎక్కడో వాళ్ళ దగ్గరుంటాయి, మనం ప్రశ్న అడిగితే వెతికి జవాబు చెబుతారు. ఎంచాల్సింది నేను. సంతకమూ నాదేనట. నువ్వు ఖాళీ చేసిన కుర్చీలో రెండేళ్ళుగా కూర్చుంటున్నాను గానీ ఇప్పటికీ అంచు మీదే కూర్చుంటున్నట్టుంటుంది.

వచ్చినవాళ్ళలో ఇద్దరు మిగిలారు. పేర్లు రాస్తే నువ్వు తిట్లకి దిగుతావు. ఒకరిది నీలం అట్ట ఫైలు, ఒకరిది ఆకుపచ్చ అట్ట ఫైలు, కాబట్టి నీలం, పచ్చ అనుకుందాం. మనం అడిగిన ప్రశ్నకి ఎంత డేటా చదవాల్సి వచ్చిందో కొలిచి నీలంవాళ్ళు బిల్లు వేస్తారు. ఇంజన్ ఎంతసేపు నడిచిందో చూసి పచ్చవాళ్ళు వేస్తారు. ఒకటి నీళ్ళ మీటరు, ఇంకోటి టాక్సీ మీటరు. వేగంలో పెద్ద తేడా లేదు. ఇద్దరి సేల్స్‌వాళ్ళూ ఒకేలాంటి చొక్కాలు వేసుకొస్తారు.

ముందు నీలాన్ని పరీక్షకి పెట్టాను. ఆర్డర్ల సిస్టమ్ నుంచి ఏడాది డేటా నేరుగా ఎక్కించి, ముసలమ్మ రిపోర్టులతో సరిచూస్తున్నాను. అన్నీ కలిశాయి, ఒక్కటి తప్ప. సానగదిలో బల్లలవారీ వాపసులు. తప్పుందని షాపులు తిప్పి పంపిన అద్దాలు మొత్తం ఎన్నో రెండిట్లోనూ కలుస్తోంది. ఏ బల్ల మీద సానపట్టినవి ఎన్ని అనేదే కలవడం లేదు. ముసలమ్మ లెక్కలో, వాడుకలో ఉన్న ఐదు బల్లలకీ వందకి నాలుగు, కాస్త అటూ ఇటూ. నీలం ఒక బల్లకి రెండంటుంది, ఒక బల్లకి ఏడంటుంది. బల్ల నంబర్లు ఎక్కడో కలగాపులగం అయినట్టున్నాయి. పది రోజులుగా వెతుకుతున్నాను. నీకేమైనా తడితే రాయి.

కళ్ళు మండుతున్నాయి. కళ్ళద్దాల కంపెనీలో పనిచేస్తూ నా జోడు మార్చుకోవడానికి తీరిక లేదు.

నీ మరదలు


కొత్త అద్దె ఇల్లు, వెనక గది
జూన్ 17

అమ్మడూ,

నీ ఉత్తరం మీ అన్నయ్య ముందు చదివాడు. ఆయన సంతోషం గురించి నువ్వు చెప్పకుండా దాచిన సంగతి అలా బయటపడింది. "ఇరవై రెండేళ్ళలో నా వాక్యం చివరిదాకా వెళ్ళడం ఇదే మొదలు" అన్నాడు. చీటీ రాసి ఆయన చేతికిచ్చాను. అందులో ఏం రాశానో నీకు అనవసరం.

గొంతు ఉంది. గరగరమంటుంది. ఈ కొత్త ఊళ్ళో ఎవరూ తెలియరు కాబట్టి మాట్లాడకపోవడం పెద్ద కష్టమేం కాదు. కూరగాయలవాడు నన్ను మూగదాన్ననుకుని మంచివి ఏరి ఇస్తున్నాడు. గొంతు వచ్చాక ఏం చెయ్యాలో తెలియడం లేదు.

ముసలమ్మ పోతుందంటే నాకు బాధగా ఉందని నువ్వు అనుకుంటున్నావు. లేదు. దాని ఫ్యాను చప్పుడు నా చెవుల్లోంచి పోవడానికే ఏడాది పట్టింది. ఇక నీలం, పచ్చల గురించి. సేల్స్‌వాళ్ళు చూపించే ప్రశ్నలు అడక్కు. మనవాళ్ళు సోమవారం పొద్దున్నే అందరూ ఒకేసారి అడిగే ప్రశ్నలు అడుగు. నెల చివర ఏమవుతుందో చూడు. బిల్లు ఎవరు చూస్తారో, చూసి ఎవరి మీద అరుస్తారో అది కూడా ఆలోచించు. నచ్చకపోతే మన డేటా బయటికి ఎలా తెచ్చుకోవాలో మొదటి రోజే అడుగు. పెళ్ళిచూపుల్లో విడాకుల సంగతి అడిగినట్టుంటుంది, అయినా అడుగు.

బల్లలవారీ లెక్క ఎవరిక్కావాలి? అది ఎవరూ చూడని రిపోర్టు. మొత్తం కలిసింది కదా, చాలు. దాన్ని పరీక్షలోంచి తీసెయ్యి. ముసలమ్మ పాతదే గానీ అబద్ధం చెప్పదు.

వేళకి తిను. జోడు మార్చుకో.

వదిన


ఆఫీసు, మూడో అంతస్తు
జూలై 14

మేడమ్ గారికి,

మీ సలహా ప్రకారం ఆ రిపోర్టు తీసేద్దామనుకున్నాను. తీయలేకపోయాను. మీరే నేర్పారు కదా, కలవని లెక్కని పక్కన పెట్టి నిద్రపోకూడదని.

నీలం తప్పు చేస్తోందని తేల్చి, చిన్నసారుకి అలాగే రాసిచ్చాను. ఆ కుర్రసేల్స్‌మాన్ మొహం వాడిపోయింది. తరవాత పచ్చలో ఎక్కించాను. పచ్చ కూడా అక్షరం పొల్లుపోకుండా నీలం చెప్పిందే చెప్పింది. అప్పుడు ముసలమ్మ ముందు కూర్చున్నాను. ఆ మెట్ల కింద గదిలో తల ఎత్తితే మెట్టు తగులుతుంది, మీకు గుర్తుండే ఉంటుంది. మూడు రోజులు తలవంచుకుని మీ ప్రోగ్రాములు చదివాను. దొరికింది. వాపసులన్నీ కుప్ప పోసి, బల్లలకి సమంగా పంచమని ఒక లైను. మరీ సమంగా ఉంటే అనుమానం వస్తుందని, తారీఖుని బట్టి కాస్త ఎక్కువ తక్కువ చేసే ఇంకో లైను. పన్నెండేళ్ళ కిందటి తేదీ. ఎందుకో ఒక్క మాట రాసిలేదు.

ముసలమ్మ అబద్ధం చెప్పదన్నారు. నిజమే. చెప్పించింది మీరు.

ఈలోగా జరగాల్సింది జరిగింది. పచ్చవాళ్ళు గొప్ప చూపించుకోవడానికి సానగది గోడకి పెద్ద తెర బిగించారు. ఏ బల్ల ఎలా ఉందో రంగుల్లో కనిపిస్తుంది. రెండో బల్ల ఎర్రగా వెలిగింది, వందకి ఏడు. చిన్నసారు చేతులు కట్టుకుని చాలాసేపు చూశాడు. సెప్టెంబరులో సానపట్టే కొత్త మిషను వస్తోంది, ఒక మనిషిని తగ్గించాలి, ఎవర్నన్నది ఇప్పుడు తెలిసిపోయింది అన్నాడు.

రెండో బల్ల ఎవరిదో తెలుసు కదా. నిదానం అని అందరూ పిలిచే ఆయనది. మాట తడబడుతుందని ఎవరేమడిగినా "నిదానం, నిదానం" అంటూ ముందు తనకి తాను చెప్పుకునే మనిషి. యాభై మూడేళ్ళు. ఆ తెర కింద తల ఎత్తకుండా పనిచేసుకుంటున్నాడు. ఆయన వెనకే ఎర్రరంగు.

ఆగస్టు ఇరవైన నేను ఎంపిక కాగితం ఇవ్వాలి. అదే రోజు ఆయన సంగతీ తేలుస్తారు. నేను రెండు నెలలుగా వేగం, బిల్లు, భద్రత అని పట్టికలు గీస్తున్నాను. ఒక మనిషి ఉద్యోగం ఆ పట్టికలోకి ఎప్పుడు వచ్చి కూర్చుందో చూసుకోలేదు.

ఎందుకు రాశారు ఆ లైను?

ఇట్లు,
మీ కింద పనిచేసిన ఉద్యోగిని


వెనక గది
జూలై 20

మీరు అన్నావంటే కోపం వచ్చిందన్నమాట. ఆఫీసులో మేడమ్, ఇంట్లో వదిన, మెట్ల దగ్గర ఏం పిలవాలో తెలియక నోరు మూసుకునేదానివి, గుర్తుందా? కోప్పడు. అడిగావు కాబట్టి చెబుతాను.

నాలుగో బల్ల ఆవిడ నీకు గుర్తుండాలి. నువ్వు చేరిన మొదటి ఏడాదే వెళ్ళిపోయింది. భుజం మీద తువ్వాలు, చెవిలో పెన్సిలు. అద్దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, "ఇంకొంచెం, ఇంకొంచెం తల్లీ" అని దాంతో మాట్లాడుతూ సానపట్టేది. బల్లలవారీ రిపోర్టు నేను కొత్తగా తయారుచేసి పెద్దాయన బల్ల మీద పెట్టాను. నాకు అది నా గొప్ప. రంగులు కూడా వేశాను. అందరికీ వందకి రెండో మూడో, ఆవిడకి ఆరు. నెల తిరక్కుండా పంపించేశారు. ఆవిడ చెవిలోంచి పెన్సిలు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

రెండు నెలలకి వాపసులు తగ్గాల్సింది పోయి పెరిగాయి. సానగదిలో ఏ అద్దం ఎవరికని పని పంచే మేస్త్రీని అడిగాను. "పెరగవా మరి? మొండి పవరు అద్దాలన్నీ ఆవిడకేగా ఇచ్చేవాణ్ణి. ఇంకెవరి చేతిలోనూ నిలవవు" అన్నాడు. ఏమాత్రం ఆశ్చర్యం లేకుండా అన్నాడు. అందరికీ తెలిసిన సంగతే కదా అన్నట్టు. ముందే ఎందుకు చెప్పలేదంటే, "ఎవరడిగారు?" అన్నాడు.

నమ్మలేక ఆ ఏడాది ఆర్డరు చీటీలు తీసి వారం రోజులు చేత్తో లెక్కపెట్టాను. మేస్త్రీ చెప్పింది నిజం. ఆరు దాటిన పవరులో పదింట ఎనిమిది ఆవిడ దగ్గరికే వెళ్ళాయి. అక్కడితో ఆపేశాను. వాటిలో ఎన్ని వాపసు వచ్చాయో లెక్కపెట్టలేదు. ధైర్యం చాలలేదు. పెద్దాయనకి చెబితే, "వెళ్ళిన మనిషి వెళ్ళింది, వదిలెయ్యి" అన్నాడు. వదిలేశాను.

ఆ తరవాతే ఆ లైను రాశాను. ఇంకెవరి పేరూ అందులోంచి బయటికి రాకూడదని. ఆవిడ బల్ల మీద ఇప్పటికీ అట్టపెట్టెలే ఉన్నాయా?

ఇప్పుడు నిదానానికి మొండి పవరు వెళ్తోందేమో చూడు. ఆవిడ తరవాత మేస్త్రీ ఎవరో ఒకర్ని వెతుక్కుని ఉంటాడు కదా.

వదిన


ఇల్లు, వంటింటి బల్ల
జూలై 27

వదినా,

మేస్త్రీని అడిగాను. "నిదానానికి కాక ఇంకెవరికిస్తాను?" అన్నాడు. అదే గొంతు, అదే ఆశ్చర్యం లేకపోవడం. అయితే చిన్నసారుకి మేస్త్రీ నోటిమాట చాలదు. "డేటా ఉందా?" అంటాడు.

ఉంది. ఆర్డర్ల సిస్టమ్‌లో ప్రతి అద్దానికీ పవరు ఉంది, అడ్డ చూపు సరిచేసే సిలిండర్ నంబరు ఉంది, ఎప్పుడూ ఉన్నాయి. ముసలమ్మలోనే లేవు. ఆ కాలమ్స్ అందులోకి రాకుండా ఎవరో తీసేశారు. నేను పరీక్షకి ఏయే కాలమ్స్ ఎక్కించాలో ముసలమ్మని చూసి జాబితా రాసుకున్నాను కాబట్టి నీలంలోకీ పచ్చలోకీ కూడా వెళ్ళలేదు.

ఎవరో అని రాసి అరగంట కూర్చున్నాను. ఈ ఉత్తరం ఆఫీసులో రాయలేకపోయింది అందుకే.

నేనే వదినా.

అమ్మ ఆస్పత్రిలో ఉన్న వారం. నువ్వు సెలవు పెట్టి అమ్మ పక్కన కూర్చున్నావు. నేను కూర్చోవాల్సిన చోట. కొత్త ఉద్యోగమని నన్ను ఆఫీసుకి పంపించావు. ఆ బుధవారం ముసలమ్మ డిస్కు నిండిపోయి ఆగిపోయింది. పెద్దాయన వచ్చి తల మీద నిలబడ్డాడు. నీకు ఫోన్ చేస్తే, అమ్మ విషయం అడగడానికి చేశాననుకుని, "నిద్రపోతోంది, కంగారుపడకు" అన్నావు. ఇక అడగలేకపోయాను. ఏ రిపోర్టులోనూ వాడని కాలమ్స్ పదకొండు ఏరి, తీసేశాను. అందులో పవరు, సిలిండర్ ఉన్నాయి. ముసలమ్మ మళ్ళీ కదిలింది. పెద్దాయన నా భుజం తట్టాడు.

ఆరు నెలలకి నాలుగో బల్ల ఆవిడ వెళ్ళిపోయింది. పవరు ఉండి ఉంటే నీ రిపోర్టులో నీకే అది కనబడేదేమో. కనబడేది కాదేమో. అప్పుడు నాకు తోచలేదని రాయాలని ఉంది. తోచింది. మెట్లు దిగుతుంటే ఒకసారి చటుక్కున తోచింది. వెతికితే దొరుకుతుందని వెతకలేదు.

నీ మీద కోపంతో మేడమ్ గారికి అని రాసినప్పుడు కూడా ఇది లోపల ఉంది. ఉండగానే రాశాను.

ఆర్డర్ల సిస్టమ్‌లో ఐదేళ్ళకి మించి పాతవి ఉండవు, ఆ ఐదేళ్ళ పవరు కాలమ్స్ ఈ వారం రెండిట్లోకీ ఎక్కించాను. ఎక్కడానికి పదిహేను నిమిషాలు పట్టింది. చోటు సమస్యే లేదు. ఎంత తేలికగా పట్టిందో చూస్తే ఏడుపొచ్చింది.

నీ మరదలు


వెనక గది
ఆగస్టు 3

అమ్మడూ,

నాకు తెలుసు.

చీటీలు లెక్కపెట్టిన వారంలోనే తెలుసు. పవరు ముసలమ్మలో ఎందుకు లేదా అని చూస్తే మార్పుల పట్టీలో నీ పేరు, తేదీ, టైము ఉన్నాయి. పట్టీ మూసేశాను. ఆ తరవాత ఒకరోజు తెరిచి, ఆ వరస చెరిపేశాను. నువ్వెప్పుడైనా చూసుకుంటావేమోనని.

పోయిన ఉత్తరంలో నేను చెప్పిన కథ కూడా సగమే. పెద్దాయనకి చెప్పానని రాశాను కదా. చెప్పాను, కానీ ఎలా చెప్పాను? గట్టిగా పట్టుబడితే, "మరి రిపోర్టులో పవరు ఎందుకు లేదు?" అని అడుగుతాడు. అడిగితే నీ పేరు వస్తుంది. అందుకని తలుపు దగ్గర నిలబడి, వెళ్ళబోతూ అన్నట్టు అన్నాను. ఆయన వదిలెయ్యమంటాడని తెలిసే అన్నాను. నువ్వు నా మరదలివి. మీ అమ్మ మంచం మీద ఉంది. ఆవిడ ఎవరు? నాలుగో బల్ల. అంతే, పేరు కూడా అలవాటు లేదు నాకు. ఎటు మొగ్గానో నాకు తెలుసు.

సమంగా పంచిన ఆ లైను జాలితో రాశాననుకున్నావు. కొంచెం జాలి. చాలావరకు ఎవరూ ఇంకెప్పుడూ ఆ లెక్క తవ్వకూడదని. న్యాయంలా కనిపించేలా కుట్టిన కప్పు అది.

నన్ను తిట్టాలంటే తిట్టు. నీ తప్పు దాచినందుకు నీకు కోపం రావడం సహజమే, వింతగా ఉన్నా. పదేళ్ళు ఇద్దరం ఒకే గదిలో, ఎదురెదురుగా కూర్చుని, ఒకే విషయం చెరో పక్క నుంచి మోశాం. టీ మాత్రం పంచుకున్నాం.

మీ అన్నయ్య వచ్చి, "అంత పొడవు ఉత్తరమా? గొంతు బాగుంటే ఈపాటికి ఊరంతా వినేది" అంటున్నాడు. ఆయనకి ఇవేవీ తెలియవు.

ఆగస్టు ఇరవైన ఏం చెబుతావు?

వదిన


ఆఫీసు, మూడో అంతస్తు
ఆగస్టు 21

వదినా,

తిట్టడానికి ఓపిక లేదు. వారం ప్రయత్నించాను, రాలేదు. నిన్న మీటింగు అయిపోయింది. వరసగా చెబుతాను.

ముందు పవరుతో కలిపిన లెక్క చూపించాను. ఆరు దాటిన పవరులో నిదానం చేతి అద్దాలు వందకి ఎనిమిది వాపసు వస్తున్నాయి. అవే మిగతా బల్లల మీద, చేసినవి కొన్నే అయినా, వందకి పదిహేను. ఆయన మామూలు అద్దాలు చేసినప్పుడు వందకి రెండు కూడా రావు. చిన్నసారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "అంటే మనం మన బెస్ట్ మనిషిని తీసేయబోయామా?" అన్నాడు. "ఒకసారి తీసేశాం కూడా" అన్నాను.

అప్పుడు చెప్పాను. కాలమ్స్ తీసింది నేనని, నాలుగో బల్ల సంగతి. నీ లైను గురించి కూడా చెప్పాను, నీ పేరుతోనే. కోపం తెచ్చుకోకు. గదిలో ఏసీ చప్పుడు ముసలమ్మ ఫ్యానంత గట్టిగా వినిపించింది. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన, "సరే, ముందు ఏ కంపెనీయో చెప్పండి" అన్నాడు. అదే ఇంకా కష్టంగా అనిపించింది.

పచ్చ అన్నాను. కారణం అడిగాడు. వేగం సమానం, భద్రత సమానం, బిల్లు కూడా ఏడాది మీద ఇంచుమించు సమానమే. నీలం మనం చదివిన ప్రతి కాలమ్‌కీ బిల్లు వేస్తుంది. ఎప్పుడో ఒక నెల బిల్లు ఎక్కువొస్తుంది. మీరు అరుస్తారు. నాలాంటి కొత్త అమ్మాయి ఒకతి భయపడి, ఈ ప్రశ్నలో ఏ కాలమ్స్ తీసేస్తే తగ్గుతుందా అని చూస్తుంది. పచ్చలో తీసేసినా ఉంచినా మీటరు మీద పెద్ద తేడా ఉండదు కాబట్టి ఎవరికీ తీసేయాలని బుద్ధి పుట్టదు. ఇదీ నేను చెప్పిన కారణం.

"ఇది నేను బోర్డు ముందు ఎలా చెప్పను మేడమ్?" అన్నాడు.

"మీకెలా కుదిరితే అలా చెప్పండి" అన్నాను. మూడు నెలల పట్టికలు కట్టగట్టి ఇచ్చాను. అవి బోర్డుకి సరిపోతాయి. నిజానికి నా కారణం సరైనదో కాదో నాకే తెలియదు. పచ్చలో ఇంజన్ ఆపడం ఎవరో మర్చిపోతారు, అప్పుడు ఇంకో రకం అరుపు, ఇంకో రకం భయం. ఏ గిడ్డంగీ మనకి సిగ్గుని అద్దెకివ్వదు కదా. అయినా సంతకం పెట్టాను.

లేచి వెళ్తుంటే ఆయన నా పట్టిక చూపించి, "అయితే ఇప్పుడు ఐదో బల్ల కింద ఉంది. మామూలు పవరే, వందకి ఐదు. మరి ఆవిడా?" అన్నాడు. జాబితా అన్నాక చివర ఎవరో ఒకరు ఉంటారు, అది నాకు తట్టనేలేదు. రెండు వారాలు ఆగమన్నాను. వారం ఇచ్చాడు.

ఈసారి పట్టిక తెరవలేదు. కిందకి దిగి మేస్త్రీనే అడిగాను, ఐదో బల్లకి ఏం వెళ్తాయని. "అర్జంటువి. సాయంత్రానికి కావాలని షాపువాళ్ళు ఫోన్ చేస్తారే, అవి. ఆ పిల్ల చెయ్యి చురుకు" అన్నాడు. అర్జంటు అనే మాట ఏ సిస్టమ్‌లోనూ లేదు. ఉన్నది మేస్త్రీ నోట్లో. పక్కనే నిదానం తల ఎత్తకుండా, "ని... నిదానం మేడమ్, ఆరో బల్లని కూడా అడగండి" అన్నాడు. ఆరో బల్లాయన నవ్వాడు. నేనూ నవ్వాను. చాలా రోజులైంది.

మేస్త్రీ రేపటి నుంచి ప్రతి చీటీ మీదా ఎందుకు ఎవరికిచ్చాడో ఒక మాట రాస్తాడు. తిట్టుకుంటూ ఒప్పుకున్నాడు. అది పచ్చలో ఒక కాలమ్ అవుతుంది. అది విని చిన్నసారు, వారం కాదు, ఒక నెల చూద్దామన్నాడు. తెర ప్రస్తుతానికి ఆపించాడు. మిషను నాలుగో బల్ల చోట పెడతారు, అట్టపెట్టెలు తీసి. మనిషిని తగ్గించే మాట ఇంకా పూర్తిగా పోలేదు. నిదానం మాత్రం ఉంటున్నాడు, కాగితం వచ్చింది. ఎవరో ఒకరు నిజంగానే చేతకానివాళ్ళు ఉండొచ్చు కూడా. అప్పుడేం చేస్తానో తెలియదు.

ముసలమ్మని నెల చివర ఆపుతారు.

నీ మరదలు


వెనక గది
సెప్టెంబరు 1

అమ్మడూ,

నా పేరు చెప్పినందుకు కోపం లేదు. నేను చెప్పాల్సింది నువ్వు చెప్పావు, అందుకు కొంచెం సిగ్గుగా ఉంది.

ఇంకొకటి దాచాను. ఆఖరుది. నాలుగో బల్ల ఆవిడ ఈ ఊళ్ళోనే ఉంది. వచ్చిన మూడో నెలలోనే చూశాను. బస్సులో ఇరవై నిమిషాలు, బట్టల కొట్లో చీరలు మడతపెడుతూ. రెండుసార్లు గుమ్మందాకా వెళ్ళి తిరిగొచ్చాను.

నీ పోయిన ఉత్తరం, అంతకుముందుది, రెండూ తీసుకుని నిన్న వెళ్ళాను. మాట్లాడే పని లేదు కదా, మెడ మీద కుట్ల మచ్చ చూపించి ఉత్తరాలు చేతిలో పెట్టాను. నన్ను గుర్తుపట్టింది. కౌంటరు పక్కన నిలబడే చదివింది. ఎవరో వచ్చి రేటు అడిగితే వేలు చూపించి ఆగమంది. చదివి, మడత అదే మడతగా పెట్టి ఇచ్చింది.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "నా చెయ్యి పాడైపోయిందనుకున్నానండీ" అంది. "వణుకేమోనని డాక్టరుకి కూడా చూపించుకున్నాను. ఏమీ లేదన్నాడు. ఆయనకి తెలియదనుకున్నాను. ఇంకో కంపెనీవాళ్ళు పిలిచారు కూడా. అద్దం పాడుచేస్తానని వెళ్ళలేదు."

పన్నెండేళ్ళు.

నేను చీటీ మీద "క్షమించండి" అని రాశాను. చదివి, దాన్ని తిరగేసి, తన పెన్సిలుతో వెనక రాసింది. చెవిలో పెన్సిలు పెట్టుకునే అలవాటు పోలేదు. రాసింది ఇది: "మొండివి వందకి ఎన్ని వాపసు వచ్చాయి?"

ఆ లెక్క నా దగ్గర లేదు. ఆ రోజు లెక్కపెట్టడం ఆపేసింది నేనే కదా. కానీ చీటీలున్నాయి. మెట్ల కింద గదిలో, ముసలమ్మ వెనక, ఎర్రతాడు కట్టిన మూడు మూటలు. ఎవరూ పారేయకుండా అటువైపు నేనే తోశాను. ప్రతి చీటీ మీదా పవరు ఉంటుంది, బల్ల నంబరు ఉంటుంది, తిరిగొస్తే వాపసు ముద్ర ఉంటుంది. ముసలమ్మని తీసేటప్పుడు వాటిని చెత్తలో వెయ్యనివ్వకు.

వదిన


మెట్ల కింద గది
సెప్టెంబరు 19

వదినా,

మూటలు దొరికాయి. ఒకదాని మూల చెమ్మకి అంటుకుపోయింది, మిగతావి బాగున్నాయి. ముసలమ్మని తీసుకెళ్ళిపోయారు. ఈ గదిలో ఇంత నిశ్శబ్దం ఉంటుందని తెలియదు.

రెండు వారాలు, రోజూ మధ్యాహ్నం భోజనాల వేళలో. నిదానం తన డబ్బా తెచ్చుకుని ఇక్కడే కూర్చున్నాడు. ఆయన చీటీ చదివేవాడు, నేను ఎక్కించేదాన్ని. పవరు అంకెలు చదివేటప్పుడు ఆయన మాట తడబడదు. కొన్ని చీటీలు చూసి, "ఇది ఆవిడ చేశారా? ఇది నేను చెయ్యలేను" అనేవాడు. అంటుకుపోయిన మూల విడదీయడానికి ఒక రోజంతా పట్టింది. ఆ ఏడాది నాలుగో బల్లకి వెళ్ళినవి ఇంచుమించు అన్నీ మొండి అద్దాలే, పద్నాలుగు వందల ముప్పై. రెండుసార్లు లెక్కపెట్టాం. పచ్చ కూడా లెక్కపెట్టింది, మూడు సెకన్లలో. ముగ్గురి లెక్కా కలిసింది.

వందకి ఆరు.

నిదానానికి ఇప్పుడు ఎనిమిది. మిగతావాళ్ళకి పదిహేను. ఈ ముప్పై ఏళ్ళలో ఆ అద్దాలని అంత బాగా చేసిన చెయ్యి ఇంకోటి లేదని మేస్త్రీ అన్నాడు. ఈసారి అడక్కుండానే అన్నాడు.

చిన్నసారుకి కాగితం పంపాను, మిషను దగ్గర మొండి పవరుకి మనిషి కావాలని. జవాబు రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా ఆవిడ వస్తుందో లేదో. ఆ మాట ఆవిడతో అప్పుడే అనకు.

లెక్క మాత్రం చెప్పు. చీటీ మీద రాయకు. డాక్టరు గడువు సోమవారంతో అయిపోయిందని అన్నయ్య చెప్పాడు. గొంతు గరగరమన్నా ఫరవాలేదు, నోటితో చెప్పు. ఆవిడ పేరు మూట మీద ఉంది, మేస్త్రీ దస్తూరీలో. ఆ పేరున్న కాగితం విడిగా ఈ కవరులో పెట్టాను. ముందు పేరు పెట్టి పిలిచి, తరవాత చెప్పు.

నీ మరదలు